పదకొండు మంది

జనవరిలో లెక్క వస్తుంది.
ఈ ఏడు పదకొండు.
నిరుడు పన్నెండు. తగ్గిన ఆ ఒక్కడూ మా అన్న ఆస్‌గేర్.
ఆస్పత్రి మంచం మీద తన ఇంటిపేరును
అక్షరం అక్షరం చెప్పి రాయించి మరీ పోయాడు.
కొత్త నర్సు. ఆమె తప్పేం లేదు.
దేశం మొత్తం వెతికితే ఒక్క బస్సుకు సరిపోని పేరు
ఎవరికి మాత్రం నోరు తిరుగుతుంది?

వీబెమోసె.
వీబె అంటే తీతువు పిట్ట. మోసె అంటే ఊబినేల.
తీతువు అరిస్తే కీడని కొందరంటారు.
మా యూట్‌లాండ్ పడమటి గాలిలో
అది అరిస్తే మంచు వదిలిందని,
గడ్డకట్టిన బావి గిలక ఇక తిరుగుతుందని.

మా ముత్తాత పుట్టినప్పుడు ఈ పేరు లేదు.
పేదర్ కొడుకు పేదర్, పేదర్ పేదర్‌సెన్.
ఆ ఒక్క చర్చి గంట వినిపించేంత మేర
పేదర్ పేదర్‌సెన్‌లు తొమ్మిదిమంది.
కుంటి పేదర్, గొర్రెల పేదర్, అబద్ధాల పేదర్.
ఒకడి పెళ్ళాం చనిపోతే
ఇంకొకడి గుమ్మం ముందు శవపేటిక దించారు.
పిండి చేతులతో బయటికొచ్చిన ఆ ఇల్లాలు
నిలువునా కొలిచి చూసి
"నాకు పొట్టిదవుతుంది" అందట.

మా పేదర్‌కు వచ్చింది వేరొకడి అప్పు.
నేను కాదు మొర్రో అని నిరూపించుకునేసరికి
చూలుతో ఉన్న ఆవు పోయింది.
ఆ చలికాలమే నాలుగు క్రోనర్లు కట్టి
పేరు మార్చుకున్నాడు.

ఊబినేల మాదేనని, అక్కడి పీట్ గడ్డలతోనే
మూడు తరాలు చలి కాచుకున్నామని
నాన్న చెప్పేవాడు.
చెబుతున్నంతసేపూ నడుం నిటారుగా ఉండేది.

మొన్న అక్టోబరులో తోర్‌కిల్ వచ్చాడు,
బూట్లు గుమ్మం బయటే విడిచి.
ఎప్పుడో ఎండగట్టి బార్లీ వేసిన ఆ నేలకు
మళ్ళీ నీళ్ళు పట్టించడం అతని ఉద్యోగం.
కాలువలు పూడుస్తాడు, పిట్టలు లెక్కపెడతాడు.
ఇంటిపేరు యెన్సెన్. నిజంగానే లక్షల్లో ఒకడు.
కాఫీ చల్లారిపోయాక అడిగాడు:
"మీ పేరు నేను పెట్టుకోవచ్చా?"

అరుదైన పేరుకు చట్టం తాళం వేసింది.
ఉన్నవాళ్ళందరూ సరేనంటేనే తెరుస్తుంది.
ఉత్తరాలు రాశాడు.
గ్రీన్‌లాండ్‌లో ఓడలకు కరెంటు పని చేసే ఊల్రిక్
నూనె మరకతో సహా సంతకం పంపాడు.
ఇరవై ఏళ్ళుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళు
ఒకే రోజు, ఒకే రకం నీలి కవరులో.
ఒకాయన మాత్రం అడిగాడు, డబ్బేమైనా వస్తుందా అని.
పది వచ్చాయి.

పదకొండోది నాది.
బల్ల మీద కాగితం, పక్కన కలం, నేను.
మా అన్న పోయిన ఖాళీలో
బురద బూట్లవాడెవడో వచ్చి కూర్చుంటాడా?
మూడు వారాలు ఆ బల్ల మీద అన్నం తినలేదు.

నాలుగో వారం బస్సెక్కి దస్తావేజుల గదికి పోయాను.
ఊబినేల ఎవరిదో చూశాను. మాది కాదు.
ఎప్పుడూ కాదు.
ముత్తాత దాని ఎదురుగా ఉన్న కొట్టంలో పాలేరు.
పేరు మార్పు చిట్టాలో
'కారణం' అన్న గడిలో
ఏ గుమాస్తాకో విసుగొచ్చిన చేతిరాత:
"కిటికీలోంచి కనిపిస్తుందట."

నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వకూడదు.
గోడ గడియారం కింద కూర్చున్న ముసలాయన
కళ్ళజోడు పైనుంచి చూశాడు.

సంతకం చేశాను. చెయ్యి కాస్త వణికింది,
చలి అని అనుకున్నాను.

ఏప్రిల్లో ఫోను.
"ఇంగెబోర్, నాలుగు జతలు. నిరుడు మూడే."
"సరిగ్గా లెక్కపెట్టావా?
ఒకదాన్నే రెండుసార్లు చూసి ఉంటావు."
అవతల గాలి, బురదలో అడుగు పీకిన చప్పుడు.
"ఆగండి," అన్నాడు, "మళ్ళీ మొదటినుంచి..."